సాయం చెయ్యమంటావా అమ్మా

కాన్పు గదిలో పెద్దక్క మాటకు తిరుగులేదు. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. డాక్టరమ్మ దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరికీ పెద్దక్కే. నొప్పులతో అరిచే ఆడవాళ్ళ నోరు ఒక్క కసురుతో మూయించగలదు. "పిల్లల్ని కనడానికి వచ్చావా, ఊరందర్నీ లేపడానికి వచ్చావా?" అంటే చాలు, సగం మంది సిగ్గుతో చచ్చి పళ్ళు బిగబట్టుకునేవారు. మిగతా సగానికి ఆమె దగ్గర వేరే పద్ధతులుండేవి.

ఆ గదిలో ఒక మాట ఉంది. అది పెద్దక్క పెట్టిన మాట.

వెనక ఎప్పుడో ఒక బాలింత మొగుడు వచ్చి, మా ఆవిడ వద్దంటున్నా కోత పెట్టారని పెద్ద రగడ చేశాడు. పైవాళ్ళు ఉలిక్కిపడి, ఇకమీదట అడగకుండా ఎవరికీ కోత పెట్టకూడదని హుకుం జారీ చేశారు. డాక్టరమ్మ తల పట్టుకుంది. కింద కాస్త కోస్తే బిడ్డ గబుక్కున బయటికొస్తుంది, బల్ల ఖాళీ అవుతుంది, తర్వాతి మనిషిని ఎక్కించవచ్చు. అంతా సజావుగా సాగిపోతున్న పనికి ఇప్పుడీ అడగడం ఒకటా? కత్తెరతో కొయ్యమంటావా అని అడిగితే ఏ ఆడదైనా బల్ల దిగి పారిపోదూ? అప్పుడు పెద్దక్క చేతులు తుడుచుకుంటూ, "దానికేముందండీ, సాయం చెయ్యమంటావా అమ్మా అని అడుగుదాం. వద్దనేది ఎవరు?" అంది.

డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. "నీ బుర్రే బుర్ర!" అంది. ఆ రోజు నుంచి అందర్నీ అడుగుతూనే ఉన్నారు. ప్రాణం పోతున్నంత నొప్పిలో ఉన్న మనిషి సాయం వద్దంటుందా? చెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది అని చేతులు జోడించినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ చేతులు జోడించి ఉండగానే కత్తెర తన పని చేసుకుపోయేది. మర్నాడు ఎవరైనా కుట్లు సలుపుతున్నాయని ఏడిస్తే, "నువ్వే అడిగావు కదమ్మా" అని ఊరడించేవారు. అది అబద్ధం కూడా కాదు. పెద్దక్క అబద్ధాలాడే మనిషి కాదు మరి.

అలాంటి పెద్దక్కకు ఒక్కతే కూతురు. నెలలు నిండుతున్న కొద్దీ ఆ కూతురు ఒకటే పాట పాడుతోంది. ఆమె తోటికోడలు కోత పడ్డాక చాన్నాళ్ళు కూర్చోలేక, గోడకు చేరగిలబడి నిలబడే అన్నం తినేది. దాన్ని ఈ పిల్ల కళ్ళారా చూసింది.

"నాకు కోత వద్దమ్మా. చిరిగితే చిరగనీ, దాని మానాన అదే మానుతుంది. బిడ్డకు ప్రమాదమైతే చెప్పండి, నేనే ఒప్పుకుంటాను. ఊరికే తొందర కోసం మాత్రం నన్ను కొయ్యొద్దు."

"నేనుండగా నీ మీద చెయ్యి వేసే మొనగాడెవడే?"

"అయినా మీ దగ్గర అడిగే చేస్తారా?"

పెద్దక్క కూతురికి జడ అల్లుతోంది. ఒక పాయ జారిపోతే మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "అడక్కుండా ఎందుకు చేస్తారు? మా దగ్గర అందర్నీ అడుగుతారు," అంది.

ఆ మాట సంగతి అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. లోపల సాయం అన్న మాట ఎత్తకు తల్లీ అని ఒక్క ముక్క. నోరు రాలేదు. చెబితే, ఆ మాట ఎవరు పెట్టారని కూతురు అడుగుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే ఆ పిల్ల, ఏ విషయమైనా మొదలు కనుక్కునేదాకా వదలదు. దానికంటే తానే పక్కన నిలబడి చూసుకోవడం సులువనిపించింది పెద్దక్కకు. కూతురి ముందు తలవంపులు తప్పాయి కదా అని నిశ్చింతగా నిద్రపోయింది కూడా.

నొప్పులు మొదలై కూతురు వచ్చిన రోజు గది కిటకిటలాడుతోంది. బల్లలన్నీ నిండిపోయి, వరండాలో బెంచీల మీద కూడా ఆడవాళ్ళు మూలుగుతున్నారు. అల్లుడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. మగవాళ్ళు లోపలికి రాకూడదన్నది పెద్దక్క పెట్టిన కట్టుబాటే. "మీరున్నారు అత్తయ్యా, నాకింక దిగుల్లేదు," అన్నాడు.

బల్ల ఎక్కగానే కూతురు నీళ్ళు నమలకుండా చెప్పింది. "నాకు కోత వద్దండీ. బిడ్డకు ఏదైనా అయితే తప్ప."

"సరేనమ్మా," అంది డాక్టరమ్మ, చేతులకు తొడుగులు లాక్కుంటూ. తర్వాత పెద్దక్క వైపు తిరిగి, "మీ అమ్మాయి అన్నీ తెలుసుకునే వచ్చినట్టుంది," అని నవ్వింది. పెద్దక్క కూడా నవ్వింది. డాక్టరమ్మ నవ్వితే నవ్వడం ఆమెకు అలవాటు.

బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. తల కాస్త కనిపిస్తోంది, మళ్ళీ లోపలికి జారుతోంది. మొదటి కాన్పు అలాగే ఉంటుంది, అందులో తొందరపడాల్సిందేమీ లేదు. తొందరంతా వరండాలో ఉంది. డాక్టరమ్మ ఒకసారి తలుపు వైపు చూసింది, ఒకసారి బల్ల వైపు చూసింది. "ఇంకా ఎంతసేపమ్మా ఈ దాగుడుమూతలు," అని విసుక్కుంది.

కూతురి నడుము పట్టేసింది. వెల్లకిలా పడుకుని ఇక క్షణం ఉండలేకపోయింది. లేచి కూర్చుంటే బాగుండునని మోచేతుల మీద ఆనుకుంది, చెమటకు జారిపోయింది. తల తిప్పి తల్లిని వెతుక్కుంది.

"అమ్మా... కాస్త సాయం చెయ్యవే."

"అదిగో, తనే అడిగింది," అంది డాక్టరమ్మ. పెద్దక్క వైపు చెయ్యి చాపింది.

పెద్దక్కకు అర్థం కాలేదనుకుంటే పొరపాటు. కూతురు లేవదీయమంటోందని ఆమెకు తెలుసు. పసితనంలో మంచం దిగలేక ఇదే గొంతుతో పిలిచేది. అది అడిగింది ఆ సాయం కాదండీ అంటే చాలు, అక్కడితో ఆగిపోయేది. కానీ ఆ మాట పైకంటే, మరి ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళంతా ఏ సాయం అడిగారన్న ప్రశ్న పుడుతుంది. మిగతావాళ్ళు మనసులో అనుకుంటారేమో, బల్ల మీదున్న పిల్ల మొహాన్నే అడిగేస్తుంది. ఇంతలోనే పెద్దక్క కుడిచెయ్యి ట్రేలోంచి కత్తెర తీసి డాక్టరమ్మ అరచేతిలో పెట్టింది. ఎడమచెయ్యి కూతురి మోకాలిని పక్కకు నొక్కిపట్టింది.

మొద్దుబార్చే సూది వేసి, అది పట్టేదాకా ఆగే ఓపిక ఆ రోజు ఎవరికీ లేదు.

"వద్దు! వద్దన్నాను కదా! అమ్మా, వద్దని చెప్పవే!"

"అయిపోయింది తల్లీ, అయిపోయింది," అంది పెద్దక్క. ఆ గదిలో అందరితోనూ అనే మాటే అది. అప్పటికింకా అయిపోలేదు. ముతక గుడ్డ కత్తిరిస్తున్న చప్పుడు వచ్చింది. పెద్దక్క దాన్ని లెక్కలేనన్నిసార్లు వింది. తన కడుపున పుట్టిన ఒంట్లోంచి వినడం మాత్రం అదే మొదలు. మోకాలి మీద చెయ్యి వదల్లేదు.

ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే కేరుమంది. "చూశావా, సాయం చేస్తే ఎంత సులువైపోయిందో," అంటూ డాక్టరమ్మ కుట్లకు కూర్చుంది.

మర్నాడు అల్లుడు వార్డు గుమ్మం బయట నిలబడి, "మీరుండబట్టి గట్టెక్కాం అత్తయ్యా," అని కళ్ళు తుడుచుకున్నాడు. లోపల కూతురు ఒక పక్కకు ఒత్తిగిలి బిడ్డకు పాలిస్తోంది. తల్లి వైపు చూడకుండానే అడిగింది.

"నేనెప్పుడు ఒప్పుకున్నానమ్మా?"

"నువ్వే అడిగావు కదమ్మా." నోటి అలవాటు. అనేశాక పెద్దక్క నాలిక కరుచుకుంది.

"ఏమని అడిగాను?"

"సాయం చెయ్యమన్నావు."

"లేపి కూర్చోబెట్టమన్నాను."

పెద్దక్క దుప్పటి అంచులు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. ఇంతలో డాక్టరమ్మ చూడటానికి వచ్చి, కుట్లు కుదురుగా ఉన్నాయని తన పని తానే మెచ్చుకుంది. కూతురు నెమ్మదిగా, "సాయం అంటే ఇక్కడ కొయ్యడమా డాక్టర్‌గారూ?" అని అడిగింది.

"అదేంటి, మీ అమ్మ చెప్పలేదూ?" డాక్టరమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆ మాట పెట్టిందే మీ అమ్మ. ఈ వార్డంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది!" పెద్దక్క భుజం తట్టి పక్క మంచానికి వెళ్ళిపోయింది. పొగుడుతున్నాననే అనుకుంది పాపం.

కూతురు అరవలేదు. అరిస్తే పెద్దక్క బతికిపోయేది, అరిచేవాళ్ళతో ఎలా వేగాలో ఆమెకు తెలుసు. తల్లి ముఖంలోకి కాసేపు చూసింది. ఎవరో కొత్తమనిషిని ఆనవాలు పట్టినట్టు చూసి, బిడ్డను పక్కలో పడుకోబెట్టింది.

"బాత్రూముకు వెళ్ళాలి. ఆయన్ని పిలువు."

"మగవాళ్ళు లోపలికి రాకూడదే."

"అయితే నేనే వెళ్తాను."

మంచం కడ్డీ పట్టుకుని లేవబోయింది. కుట్లు లాగేసరికి ముఖం తెల్లగా పాలిపోయింది. పెద్దక్క గబుక్కున చంకలో చెయ్యి వేసింది.

"వద్దు," అంది కూతురు.

"పడిపోతావే."

"వద్దన్నాను."

పెద్దక్క తీసేద్దామనే అనుకుంది చేతిని. కానీ కాన్పు గదిలో ఏళ్ళ తరబడి పనిచేసిన చెయ్యి అది, వద్దన్నాక ఏం చెయ్యాలో దానికి అలవాటు లేదు. ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

అప్పుడు కూతురి ఒళ్ళు వదులైంది. విదిలించుకోలేదు, ఎటు నడిపిస్తే అటు నడిచింది. ఆ వదులు పెద్దక్కకు బాగా తెలుసు. వద్దని చెప్పి లాభం లేదని అర్థమైపోయిన ఆడదాని ఒళ్ళు అలాగే అవుతుంది.

పక్క మంచం దగ్గర్నుంచి డాక్టరమ్మ తలెత్తి చూసింది.

"పర్వాలేదే, బాగానే సహకరిస్తోంది మీ అమ్మాయి," అంది.