తెర వెనక ఎర్ర పోగు

మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభైకి వన్ టౌన్‌లోని శ్రీ కామేశ్వరి టాకీస్ పైకప్పు రేకులు దింపడం పూర్తయింది. పదకొండింటికి గోడలు పడగొట్టే యంత్రం రావాలి. పదీ పదికి మంగళగిరి నుంచి వచ్చిన బాలత్రిపురసుందరి, కూతురు రేణుకతో గేటు ముందు ఆటో దిగింది. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు.

గేటు దగ్గర హనుమయ్య కూర్చుని ఉన్నాడు. ఆ హాల్లో నలభై ఎనిమిదేళ్లు ఆపరేటర్. హాలు మూతపడ్డాక అక్కడే కాపలా.

"పడగొడుతున్నారని పేపర్లో పడిందండీ. ఒకసారి తెర చూసి పోదామని" అంది ఆమె.

"చూడ్డానికేముందమ్మా? బొమ్మ ఆగి అయిదేళ్లయింది."

"ఇప్పటిది కాదండీ. గుడ్డ తెర."

హనుమయ్య కుర్చీలోంచి లేచాడు.

హాలు కట్టింది 1962లో. తెర గుడ్డ మంగళగిరిలో నేయించారు. ఇరవై ఎనిమిది అడుగుల వెడల్పు ఏ మగ్గం మీదా రాదు. నాలుగేసి అడుగుల పట్టీలు ఏడు నేయించి, నిలువునా కలిపి కుట్టించారు. మూడిళ్లవాళ్లు ఆ పని పంచుకున్నారు. అందులో ఒకటి బాలత్రిపురసుందరి తండ్రి ఆదిశేషయ్యది. ఆమెకప్పుడు పదకొండేళ్లు. రాట్నం మీద కండెలు చుట్టి తండ్రికి అందించేది. ఒక సాయంత్రం చుట్టేటప్పుడు పోగు తెగింది. తెగిన కొసలు చిక్కుపడితే చిక్కంతా తుంచేసి, పక్కన పడి ఉన్న చీర అంచు ఎర్ర పోగును మధ్యలో పెట్టి, అటొకటి ఇటొకటి ముడి వేసింది. మసక వెలుతుర్లో ఆదిశేషయ్య చూసుకోకుండా రాత్రంతా నేశాడు. తెల్లారి చూసేసరికి దాని మీద ఆరు మూరల గుడ్డ పడింది. విప్పితే ప్రారంభోత్సవానికి అందదు.

"ఎవరితోనూ అనమాక" అన్నాడు కూతురితో.

అనాల్సిన పని లేకపోయింది. మొదటి ఆటకే నేల టికెట్టు జనం పట్టేశారు. హీరో నడిచి ఎడమ నుంచి మూడో పట్టీలోకి వచ్చేసరికి నడుం దగ్గర ఎర్ర గీత. దానికి మొలతాడు అని పేరు పెట్టారు. హీరోకీ మొలతాడే, రాణిగారికీ మొలతాడే, ఏనుగుకీ మొలతాడే. యజమాని సుద్దతో తెల్ల రంగు వేయించాడు. వానాకాలం చెమ్మకు ఎరుపు మళ్లీ ఊరింది. ఏటా వేయించాడు, ఏటా ఊరింది. 1984లో మద్రాసు నుంచి, వెనక పెట్టిన స్పీకర్ల మాట వినపడేలా సన్న చిల్లులున్న తెర తెప్పించాడు.

"పాతది అప్పుడే పీకేసుంటారు కదండీ" అంది రేణుక. "మా అమ్మకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది."

"పీకలేదమ్మాయ్. కొత్త బొమ్మ పడిన ప్రతిసారీ, మొదటాటకి ముందు తెరకి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్లం. ఇరవై రెండేళ్లు హారతి తీసుకున్న గుడ్డని చెత్తలో ఎట్టా వేస్తామన్నారు మా ఓనరుగారు. గోడకే ఉంచి, రెండడుగులు ముందుకి కొత్తది కట్టించారు."

"ఇంకా ఉందంటారా?" అని అడిగింది బాలత్రిపురసుందరి.

"నేనయితే మళ్లీ చూళ్లేదమ్మా. ఎలకలు చూసుంటాయి."

ఆదిశేషయ్య నలభై ఏళ్లు నేశాడు. నేసిందల్లా అమ్మకానికే పోయింది. ఆయన పోయాక పెట్టెలన్నీ వెతికితే ఆయన చేతి గుడ్డ జానెడు కూడా దొరకలేదు. ఎక్కడన్నా మిగిలితే ఈ గోడకే మిగలాలి. ఏడు పట్టీల్లో ఆయనది ఏదో చెప్పగలిగేది ఆ పోగొక్కటే.

సైటు సూపర్‌వైజర్ హర్షవర్ధన్ అడ్డం వచ్చాడు. "మామ్మగారూ, లోపలికి రాకూడదండీ. హెల్మెట్ లేకుండా అసలు కుదరదు."

"అయితే నాకూ ఒకటియ్యి నాయనా. కొప్పు మీద నిలుస్తుందో లేదో చూద్దాం."

అతను వాచీ చూసుకున్నాడు. "అరగంటండీ. అంతకు మించి నావల్ల కాదు."

పదీ ముప్పైకి కూలీ ఒకతను చిల్లుల తెరను కత్తితో నిలువునా చీల్చాడు. వెనక గోడకు గుడ్డ ఉంది. మట్టి రంగు తిరిగింది. కింద మూడడుగుల మేర ఎలకలు కొట్టేశాయి. ఎరుపు ఎక్కడా లేదు.

"చూశావుగా అమ్మా. ఇక పద" అంది రేణుక.

"మూడో పట్టీ దింపించు నాయనా."

కుట్లు కోసి పట్టీని స్టేజీ మీద పరిచారు. బాలత్రిపురసుందరి దాని పక్కన కూర్చుని, ఎలకలు కొట్టిన కొస నుంచి అంచు వెంట గోరు జరుపుకుంటూ పోయింది. ఒక అడుగు. ఇంకో అడుగు. రెండో అడుగు దాటాక గోరు ఆగింది. రెండో అంచు దగ్గర వెతికింది. అక్కడా ముడి తగిలింది.

"ముళ్లు ఎవరయినా వేస్తారు కదమ్మా" అంది రేణుక.

హనుమయ్య తన నీళ్ల సీసా మూత తీశాడు. "ఏటా నేను రంగు వేసేవాణ్ణి, చెమ్మకి అది ఊరేది. ఊరుతుందేమో చూద్దాం ఉండండి" అని రెండు ముళ్ల మధ్యా పోశాడు.

సుద్ద కరిగి పారింది. దాని కింద ఈ ముడి నుంచి ఆ ముడి దాకా గీత తేలింది. ముందు లేత గులాబీ, తరవాత ఎరుపు.

"మొలతాడు" అన్నాడు హనుమయ్య.

హర్షవర్ధన్ పట్టీని చుట్టించి రేణుక చేతికిచ్చాడు. పదీ యాభై ఎనిమిదికి వాళ్లు గేటు బయటికి వచ్చారు. పదకొండూ పదికి తెర గోడ పడింది. మధ్యాహ్నం మంగళగిరిలో తన చీరల షాపులో రేణుక పట్టీని టేపు పెట్టి కొలిచింది. జానెడు కూడా దొరకని తాత చేతి గుడ్డ, పదహారు అడుగుల తొమ్మిది అంగుళాలు.