ముక్కాలి పీట

పది గంటలకు అటెండరు సిద్ధయ్య ఆఫీసరు గది తలుపు మూసి, దాని ముందు ముక్కాలి పీట వేసుకొని కూర్చున్నాడు. ఆత్మకూరులోని ఆ రెవెన్యూ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లుగా లోపల సీటు ఆఫీసరుది, బయట పీట సిద్ధయ్యది. సీట్లో మనుషులు మారారు. ఉదయగిరి చెక్కపనివాళ్లు చేసిన పీట మాత్రం, అతను కూర్చుని కూర్చుని మధ్యలో గుంటపడింది. ఈ సాయంత్రం ఐదుకి అతను రిటైరవుతున్నాడు.

ఎదురుగా గోడవారన మర్రిపాడు మాలకొండమ్మ కూర్చుని ఉంది. మొగుడు పోయి ఏడాదైంది. ఆమే వారసురాలన్న కాగితం మీద సంతకం పడితేనే రెండెకరాల మెట్ట ఆమెకు దక్కుతుంది. ఆలస్యమైతే మరిది అమ్మేస్తాడు. కాగితం లోపలికి పోయి నాలుగు నెలలు.

పక్క బల్లల దగ్గర గుమాస్తాలు కేశవ, సుకుమారి పేపరు చూస్తున్నారు. ఎక్కడో ఒక అధికారి లంచం తింటూ పట్టుబడ్డాడు.

“జీతం చాలక తింటారబ్బా,” అన్నాడు కేశవ.

“జీతం పెరిగితే రేటూ పెరగతాది. ఆశ చాలించుకోలేక తింటారు,” అంది సుకుమారి. “నువ్వేమంటావు సిద్ధయ్యా?”

“తలుపు మూసుండబట్టి మేడం.”

ఇద్దరూ నవ్వారు. అతను నవ్వలేదు. ఈ తలుపు తట్టిన ప్రతి చెయ్యీ ముందు తన చెయ్యి తడిపిందే. మొదట టీకి, తర్వాత టిఫినుకి, చివరికి టీవీకి. లోపల ఏం అడిగేవారో బయటికి వినపడేది కాదు. వినపడకుండా కాపలా కాసింది తనే.

మధ్యాహ్నం మాలకొండమ్మ కొంగుముడి విప్పబోయింది.

“వద్దు, ఉంచుకో,” అన్నాడు సిద్ధయ్య.

“రేపట్నించి ఈడ ఇంకొకడు కూర్చుంటాడంట గదా అబ్బయ్యా. వానికీ మొదట్నించి ఇచ్చుకోవాల్నా?”

మూడున్నరకు, వరండా నిండా జనం ఉన్నప్పుడు సిద్ధయ్య లేచి, తలుపు బార్లా తెరిచి, మూసుకోకుండా పీట అడ్డం పెట్టాడు.

“తలుపెయ్యవయ్యా,” అన్నాడు ఆఫీసరు.

“మాలకొండమ్మ కాగితం నాలుగు నెలల్నించి మీ బల్ల మీదనే ఉండాది సార్,” వరండా చివరిదాకా వినపడేట్టు అన్నాడు సిద్ధయ్య. “ఈమెకి బల్ల కింద ఏం పని లేదు.”

వరండాలోని తలలన్నీ లోపలికి తిరిగాయి. ఆఫీసరు అందరినీ చూసి, పెన్ను కోసం తడుముకున్నాడు.

ఐదింటికి శాలువా కప్పారు. అప్పటికే మాలకొండమ్మ కాగితాన్ని రవికలో దోపుకొని మర్రిపాడు బస్సెక్కేసింది.

“పీట తీసుకుపోరాదా, గుర్తుగా?” అన్నాడు కేశవ.

“దాని సర్వీసు ఇంకా ఉండాది,” అని సిద్ధయ్య మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తెరిచిన తలుపుకు అడ్డంగా, గుంటలో సాయంత్రపు ఎండ నింపుకొని, పీట అక్కడే ఉంది.