ఏటికి పురుడు

పాటు వేళ వెనక్కి తీసిన ఏటి నీటితో చచ్చిన చేపపిల్లలు కొట్టుకువచ్చాయి. గోరంత పండుగప్పలు, వెంట్రుకంత రొయ్యలు. మొగపాలెం జాలరి ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో నిలబడి చూశారు. ఎవరూ ఏడవలేదు. ఇంట్లో బిడ్డ పోయినప్పుడు తల్లి మొదట అలాగే నిలబడిపోతుంది.

ఏటా ఆషాఢంలో సముద్రపు పోటుతో చేపపిల్లలు ఏట్లోకి ఎక్కి, మడ అడవి వేళ్ల మధ్య దాక్కుని పెరుగుతాయి. ఆ నెల ఏరు పురుటిలో ఉందంటారు. ఏటి మొగలో గెడ పాతి వేపరెమ్మ కడతారు. బాలింత గదిలోకి ఎవరూ తొంగిచూడనట్టే, ఆ గెడ దాటి పడవ పోదు. తాతల కాలం నుంచీ అంతే.

అందుకే లోపల ఏం జరిగిందో ఎవరూ వెళ్లి చూడలేదు.

"అమ్మోరికి కోపమొచ్చింది, కోళ్లని కొయ్యండి" అన్నాడు కులపెద్ద సత్తియ్య. కోశారు. మర్నాడు ఇంకా ఎక్కువ పిల్లలు చచ్చి తేలాయి.

అప్పుడొచ్చాడు బుల్లబ్బాయి. పై ఊరి మాలపల్లి కూలీ. అంటరాని దూరంలో ఆగి, గొంతు పెంచి చెప్పాడు.

"కోళ్లెందుకండీ చంపుతారు? ఏటికి అడ్డంగా కట్ట పడిందండి. పోటుకెక్కిన పిల్లలు దానికి కొట్టుకుని చత్తన్నాయి. ఆదినారాయణరాజు గారు వేయించారు. ఏరు ఎండగట్టి వరి వేత్తారంట. ఈ నెల్లో జాలరోళ్లు లోపలికి రారు, కానియ్యండన్నారు. మట్టి మోసింది మేమేనండి."

జాలర్ల భక్తినే భూస్వామి తనకు కాపలా పెట్టుకున్నాడు.

జాలరి కుర్రవాళ్లు అతని మీదికురికారు. "మా నోట్లో మట్టి కొట్టి, చెప్పడానికొచ్చావేంట్రా!"

"కొట్టండి. గింజల్లేక మోశాం. పండే వరి మాత్రం మాదాండీ?"

వెంట వచ్చిన అతని భార్య అప్పాయమ్మ ముందుకొచ్చింది. "పీతలు ఏరుకుని కూరొండుకునేవోళ్లం. ఇప్పుడు మడ కింద పీత లేదు. మా పిల్లలూ పస్తే."

చేతులు దిగాయి. జాలరి ఆడవాళ్లలోంచి గర్భిణి వీరవేణి అంది, "ఇంకేం చూత్తారు? పదండి, కట్ట తెంపుదాం."

"గెడ దాటితే మైల! పురుడింకా తీరలేదు" అని సత్తియ్య అడ్డు నిలిచాడు.

"కట్ట ఏసినోడికి లేని మైల మనకేంటి?"

"వాడికి పాపం. మనకూ కావాలా?"

అరుపులు పెరిగాయి. ఊరందరికీ పురుళ్లు పోసిన పెద్దింట్లమ్మ లేచింది. "సత్తియ్యా, అడ్డం తిరిగిన బిడ్డతో నీ పెళ్లాం కేకలేత్తంటే, మైలని నేను గుమ్మం బయటే కూకున్నానా?"

సత్తియ్య దారిలోంచి పక్కకి జరిగాడు.

"మడాకు రాలి కుళ్లితే పురుగు తింటది. పురుగుని రొయ్యపిల్ల, రొయ్యని పండుగప్ప, పండుగప్పని మనం. మనం పారేసిన పొట్టా పొలుసూ మళ్లీ ఆ బురదే తింటది. ఆ బురదలోనే మడ మొలుత్తది. ఒకళ్లకొకళ్లు పెట్టుకునే తింటన్నాం. పోటునీళ్లాగితే ఎవరికీ ముద్ద లేదు."

"మరి రాజుగారో?" అన్నారెవరో.

"ఆయన తింటాడు, ఎవరికీ పెట్టడు. ఈ ఏటి పొడుగునా అలాంటి జీవం ఆయనొక్కడే."

నవ్వారు. ఆ నవ్వుతోనే గెడ దాటారు, సత్తియ్యతో సహా.

లోపల నవ్వలేకపోయారు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే మడచెట్ల ఊపిరివేళ్లు ఎండి మేకుల్లా నిలబడ్డాయి. ఆకులు పసుపెక్కాయి. నెర్రెలిచ్చిన బురదలో పీతలు బోర్లాపడి ఉన్నాయి. ఒక్క గుంటలో కాస్త నీళ్లుంటే, అందులో నాలుగు రొయ్యపిల్లలు కదులుతున్నాయి. ఎవరో వాటిమీద మడకొమ్మ విరిచి నీడ వేశారు.

కూలీల పారలు, జాలర్ల తెడ్లు కలిశాయి. పోటు వచ్చే వేళకు కట్ట తెగింది. నీళ్లు నురగలు కక్కుతూ లోపలికి దూకాయి. చచ్చిన చెట్లు లేవలేదు. మిగిలినవాటికైనా మొదలు తడిసింది.

మర్నాడు రాజుగారు పోలీసులతో తెగిన కట్ట దగ్గరికి వచ్చారు.

"తెంపిందెవరు?"

"మేమే" అన్నారందరూ. పోలీసులు చుట్టూ చూసి, ముసలిది తిరగబడదని పెద్దింట్లమ్మనే పట్టుకున్నారు.

"పంట పండితే మీకూ నాలుగు గింజలు రాలి ఉండేవి కదే!" అన్నారు రాజుగారు.

"రాలినవేరుకోడానికి మేం కోళ్లమాండీ?"

ఆమెను కట్టిన జవాను పేరుకే ముడి వేశాడు. పడవెక్కేముందు ముంతతో నీళ్లు పట్టాడు. ఆ రోజుకి దక్కిన దయ అంతే. నెలలు నిండిన వీరవేణి గట్టున కూలబడి, "నాకెవరే పురుడు పోసేది?" అని ఏడ్చింది. జాలరి గుమ్మం ఎన్నడూ తొక్కని అప్పాయమ్మ ఆమె భుజం పట్టుకుంది. "నేనొత్తాను." ఎవరూ కాదనలేదు.

పడవ కనుమరుగు కాకముందే రాజుగారు కూలీలవైపు తిరిగారు. "చూస్తారేంట్రా? తట్టలెత్తండి. పొద్దుగూకేలోగా గండి పూడాలి."

బుల్లబ్బాయి తట్ట బోర్లించి, గండిలోకి దిగి నడుం లోతు నీళ్లలో నిలబడ్డాడు. కూలీలు ఒక్కొక్కరే దిగారు. సత్తియ్య దిగి బుల్లబ్బాయి చెయ్యి పట్టుకున్నాడు. అంతవరకూ ఒకరినొకరు ముట్టుకోని చేతులవి.

"గండి పూడాలంటే మా మీదే మట్టి పొయ్యాలి, బాబయ్యా" అన్నాడు బుల్లబ్బాయి. "పొయ్యమనండి."

రాజుగారు గట్టంతా కలయజూశారు. తట్టెత్తడానికి ఒక్కడూ మిగల్లేదు.