భయం వేయని ఆట

"ఆట పూర్తయింది పిచ్చుకా. పొద్దున్నే మీ ఆఫీసుకి పంపేశాం" అని ఆయన ఫోనులో చెప్పినప్పుడు నేను బస్సులో నిలబడి ఉన్నాను. ఒక చేతిలో ఫోను, ఇంకో చేత్తో పైన కడ్డీ. సంతోషం పట్టలేక కడ్డీ వదిలేశాను. సరిగ్గా అప్పుడే బస్సు మలుపు తిరిగింది. వెళ్ళి ఒక పెద్దావిడ ఒళ్ళో కూలబడ్డాను.

"శుభవార్తేనా?" అంది ఆవిడ.

"మా ఆయన ఇంటికొచ్చేస్తున్నాడండీ."

"అయితే కూర్చోలే" అని కాస్త పక్కకి జరిగింది.

పెళ్ళయిన రెండో వారంలోనే ఆయన వెళ్ళిపోయాడు. కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో శబ్దాలు చేసే పని ఆయనది. ఆటలో ఒక మనిషి నడిస్తే ఆ అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం, మెట్లెక్కితే ఆయాసం, ఇవన్నీ ఎవరో ఒకరు నిజంగా చేసి రికార్డు చేయాలి. ఆ ఎవరో ఒకరు మా ఆయన. ఆట దుకాణానికి ఎక్కేదాకా ఊరు కదలడానికి వీల్లేదని వాళ్ళ ఓనరు షరతు. నా ఉద్యోగమేమో ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణంలో. వచ్చిన ఆటని ఆడి చూసి, దాని జానర్, అంటే అది ఏ రకం ఆటో తేల్చి, ఏ అరలో పెట్టాలో రాస్తాను. అంటే ఆయన చేసిన ఆటని నేను అరలో పెట్టేస్తే ఆయన ఇంటికొచ్చేస్తాడు. ఇంత సులువైన లెక్క నాకు కాలేజీలో ఒక్కసారి కూడా తగల్లేదు.

ఆయన లేని ఇంట్లో నాకు కొన్ని దొంగ సుఖాలున్నాయి. ఆయన చొక్కా ఒకటి ఉతకకుండా కొక్కేనికి ఉంచాను. అత్తయ్య ముందు ఫోనులో "మీరు" అంటాను, వంటింట్లోకి వెళ్ళగానే "నువ్వు" అయిపోతుంది. ఆ గడప దాటేటప్పుడు ప్రతిసారీ నవ్వొస్తుంది. అయినా రెండో దిండు రెండో దిండే. దాని గలీబు నలగడం లేదు.

ఆఫీసులో మా సారు నా కోసమే చూస్తున్నాడు. "మీ ఆయన ఆటంట కదా. ఇంకొకళ్ళకి ఇద్దామంటే అందరూ సెలవులో ఉన్నారు. నీ పక్క సీటు అక్కేమో పిల్లల ఆటల్లో మునిగుంది. నువ్వే చూడు. మొగుడని మార్కులు వేయకు."

"మన పని మార్కులు కాదు కదా సార్, అరే కదా."

"నీ మొహం చూస్తే అరకి బదులు సింహాసనం వేసేట్టున్నావు."

అక్క నవ్వింది. నేను ఆటలు చూసే చిన్న గదిలోకి వెళ్ళి, కర్టెన్లు లాగి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

ఆట పేరు 'తడి సిరా'. మూతపడ్డ అచ్చాఫీసులోకి ఒక మనిషి తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళతాడు. ఆ మనిషి మనకి కనపడడు. అతని కళ్ళతో మనం చూస్తాం, అంతే. చేతిలో టార్చి తప్ప ఇంకేం ఉండదు. సొరుగులు లాగాలి, తాళంచెవులు వెతకాలి, తలుపులు తీయాలి. పెద్ద పెద్ద కాగితపు చుట్టల మధ్య ఏదో తిరుగుతూ ఉంటుంది. అది దగ్గరికొస్తే పారిపోవాలి, లేదా బల్ల కింద దూరి ఊపిరి బిగబట్టాలి.

ముందుకు నడిచే మీట నొక్కాను. ఒక అడుగు పడింది. రెండోది పడేలోపే తెలిసిపోయింది. కుడి మడమ కాస్త బరువుగా పడుతుంది ఆయనకి. ఎడమ కాలు దాన్ని అందుకోవడానికి తొందరపడుతుంది. మీట వదిలేశాను. అడుగులు ఆగాయి. ఇప్పుడు ఊపిరి వినిపించింది, నా రెండు చెవుల మధ్య. మెట్లెక్కించాను. పైకి చేరాక ఆయన ఒకసారి గుటక వేసి, తర్వాత పెద్దగా ఊపిరి వదిలాడు. గ్యాసు బండ మా మేడ మీదకి మోసుకొచ్చిన రోజు వదిలినట్టే. మళ్ళీ కిందకి దించాను. మళ్ళీ ఎక్కించాను. పాపం, ఎన్నిసార్లు ఎక్కించానో.

కాగితపు చుట్టల వెనక నుంచి అది వచ్చింది. బల్ల కింద దూరాను. తెర మొత్తం చీకటి. నా చెవి పక్కనే ఆయన ఊపిరి, బిగబట్టి, వణుకుతూ. నా గుండె కొట్టుకుంది నిజమే, కానీ దాని పేరు భయం కాదు. ఆ దయ్యం విసిగిపోయి తన దారిన తను వెళ్ళిపోయింది. నేను మాత్రం బల్ల కింద నుంచి లేవలేదు.

సాయంత్రం రిపోర్టు రాశాను. జానర్: సాహసం. భయం: స్వల్పం. వ్యాఖ్య: ఎంతసేపైనా ఉండిపోవాలనిపించే చోటు. సారు వేరే హడావుడిలో ఉండి, చదవకుండానే పంపించేశాడు. ఇంటికి పాడుకుంటూ వెళ్ళాను.

మర్నాడు ఆయన ఫోను. గొంతులో ఉత్సాహం లేదు.

"ఎవరో మహానుభావుడు మా ఆటకి భయం స్వల్పం అని రాశాడు. మా ఓనరు తల పట్టుకున్నాడు. జనాన్ని హడలగొట్టడానికి తీసిన ఆటట, భయం రాలేదంటే లోపం శబ్దాలదేనట. అన్నీ మొదటి నుంచీ మళ్ళీ చేయమంటున్నాడు. ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది."

నేను వంటింట్లో ఉన్నాను. పొయ్యి ఆపేశాను.

"ఉన్నావా?"

"ఆ మహానుభావురాలిని నేనే."

"నీకు భయం వేయలేదా?"

"నువ్వు పక్కనే ఉంటే ఎలా వేస్తుంది?"

"నేను అక్కడ లేను కదే" అన్నాడు మెల్లగా.

ఆయన ఎంత దూరంలో ఉన్నాడో నాకు అప్పుడే తెలిసింది.

కళ్ళు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చాను. అత్తయ్య కుట్టు మిషను దగ్గర రవికకి చేతులు అతుకుతోంది. జరిగింది చెప్పాను. పెదాల మధ్య గుండుసూదులు తీసి పక్కన పెట్టింది.

"కోడలొస్తే కొడుకు దూరమవుతాడని అందరూ అంటే నేను నమ్మలేదు. ఇదా ఆ దూరం?"

"అత్తయ్యా."

"ఊరికే అన్నాలే. ఏడవకు. చెడగొట్టింది నువ్వే కాబట్టి బాగుచేసుకోవడం తేలికే. వేరేవాళ్ళయితే కాళ్ళు పట్టుకోవాల్సొచ్చేది."

మర్నాడు పొద్దున్నే సారు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. సారు కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆట నిజంగానే భయంగా లేదా, వినిపించేది నీ మొగుడనా? ఏది కారణం?"

"మొగుడే సార్."

"అయితే చప్పుడు తీసేసి ఆడు. ఈలోగా అక్క చప్పుడుతో ఆడుతుంది. తర్వాత చూద్దాం."

చప్పుడు తీసేశాను. అదే అచ్చాఫీసు, అవే మెట్లు. మీట నొక్కితే గోడలు వెనక్కి జరుగుతున్నాయి తప్ప నడిచే మనిషి లేడు. బల్ల కింద దూరితే పక్కన ఎవరూ లేరు. చుట్టల మధ్య నుంచి అది వచ్చేదాకా కూడా ఆగలేకపోయాను. రెండో తలుపు దగ్గరే ఆట ఆపేసి, కర్టెన్లు తీసి, కిటికీ ముందు నిలబడ్డాను. కింద రోడ్డు మీద మనుషులు నడుస్తుంటే చూడడం ఎంత హాయిగా ఉందో.

అక్క తన వంతు ముగించుకుని బయటికొచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఆ ఊపిరి తీసేవాడెవడో గానీ, వాడి గొంతు పడిపోను, నా ప్రాణం తీశాడు."

"మా ఆయనక్కా."

"ఓ. బాగా తీశాడమ్మా."

సారు ఈసారి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "అసలు తప్పు నీ ఒక్కదానిదే కాదు. ఈ రకం ఆటలకి మన దగ్గర అరే లేదు. భయం అరలో తుపాకీ ఆటలతో కలిపి పారేస్తాం. కొన్నవాళ్ళు తుపాకీ ఏదని తిడతారు. సాహసం అరలో పెడితే, పిల్లలకి కొనిచ్చి తల్లిదండ్రులు తిడతారు. కొత్త అర తెరుద్దాం. దాని మీద పెట్టే నిర్వచనం నువ్వు రాయి."

"తలుపులు, తాళాలు ఉంటాయి, ఆయుధం ఉండదు" అని మొదలుపెట్టాను.

"మా ఇంట్లోనూ అంతే" అన్నాడు సారు.

"దయ్యం ఉంటుంది."

"మా ఇంట్లో..." అనబోయి ఆగి, అక్క విందేమోనని అటు చూసి, "రాయి రాయి" అన్నాడు.

మధ్యాహ్నం దాకా కొట్టేస్తూ రాస్తూ కూర్చున్నాను. చివరికి ఇది మిగిలింది: "ఇందులో కథానాయకుడి కళ్ళే మీ కళ్ళు. అతను మీకు కనపడడు, వినపడతాడు. పోట్లాడడానికి ఏమీ ఉండదు. వెతకడం, దాక్కోవడం, తలుపు తీయడం మాత్రమే ఉంటాయి. ఉండాల్సిన మనిషి లేని గదుల్లో, ఆ మనిషి కోసం తిరగడమే సాహసం. తలుపు అవతల అతనే ఉన్నాడో ఇంకేదైనా ఉందో తెలియకపోవడమే భయం."

సారు రెండుసార్లు చదివాడు. ఈసారి వెక్కిరించలేదు. కింద భయం దగ్గర 'తీవ్రం' అని తనే దిద్ది, మొదటి రిపోర్టు మా పొరపాటని ఒక ముక్క కలిపి, ఆ కంపెనీకి పంపించాడు.

సాయంత్రం ఫోను మోగింది. అత్తయ్య ముందే ఎత్తాను.

"అరలోకి ఎక్కింది" అన్నాడు ఆయన. "ఓనరు నీ నిర్వచనం మా అందరికీ చదివి వినిపించాడు. శబ్దాలు మార్చక్కర్లేదట. ఒక వారంలో అన్నీ సర్దేసుకుని వచ్చేస్తాను."

"వారం దేనికి?"

"సామాను చాలా ఉంది. అడుగుల చప్పుడు కోసం వాడిన ఇసుక తొట్లు, రాళ్ళ తొట్లు, పాత చెప్పుల బస్తా. అన్నీ కడిగి అప్పజెప్పాలి."

"నువ్వొక్కడివే అయితే వారం. ఇద్దరైతే?"

అత్తయ్య మిషను ఆగింది. ఆవిడ ముందు ఆయన్ని "నువ్వు" అన్నానని నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ అటకమీద సంచి వైపు గడ్డంతో చూపించి, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

"రేపు పొద్దుటి బస్సుకి నేనే వస్తున్నాను" అన్నాను ఫోనులో. "సారుకి సెలవు చెప్పేస్తాను. తొట్లు నేను కడుగుతాను, చెప్పులు నువ్వు కట్టు. నువ్వు బస్టాండుకి వచ్చి ఉండు."