తలకిందుల అక్షరాలు

మా ఆయన కొల్మీన్ గురించి డర్వ్లా అనే ఆ పిల్ల కాగితం మీద మొట్టమొదట రాసిందేమిటో తెలుసా? "అర్థంలేని శబ్దాలు." ఐర్లండులో, కొనమారా తీరంలో పుట్టి, సముద్రపు నాచు కోసుకుంటూ, పడవలు కట్టుకుంటూ, చావు ఇంట్లో కూడా నలుగురినీ నవ్వించిన మనిషి నోట్లోంచి వచ్చేవి అర్థంలేని శబ్దాలట. ఆ ముక్క చదివినప్పుడు నా అరికాలి మంట నెత్తికెక్కింది. అది ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

ఈస్టరు తర్వాత ఓ పొద్దున కొల్మీన్ టీ కప్పు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే కుర్చీలోంచి జారిపోయాడు. పక్షవాతం. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది, కుడి చెయ్యి పడిపోయింది. మాట మాత్రం చిత్రంగా తెగింది. బేరగాళ్ళతో, పోలీసులతో, టీవీతో పోట్లాడటానికి వాడుకున్న ఇంగ్లీషు మొత్తం ఊడ్చుకుపోయింది. వాళ్ళమ్మ ఒళ్ళో నేర్చుకున్న ఐరిష్ మాత్రం ముక్కలు ముక్కలుగా మిగిలింది.

డర్వ్లాది మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పే ఉద్యోగం. రాజధాని నుంచి వచ్చిన పిల్ల. మంచి పిల్లే, కాదనను. మంచం పక్కన కూర్చుని బొమ్మల అట్టలు ఒక్కొక్కటే చూపించేది. "ఇదేమిటి, కొల్మీన్ గారూ?" అని ఇంగ్లీషులో అడిగేది. ఒంటె బొమ్మ, ముళ్ళ జెముడు బొమ్మ, మంచుతో కట్టిన ఇల్లు. మా ఊరి మనిషికి ఒంటెతో ఏం పని? ఆయన అట్ట వంక చూసి, ఆ పిల్ల వంక చూసి, నాలుక కూడదీసుకుని ఏదో అనేవాడు. ఆయన ఏ శబ్దం చేస్తే ఆ శబ్దాన్ని ఆమె శ్రద్ధగా గుర్తుల్లో రాసుకునేది. ఏ భాష శబ్దాన్నైనా ఉన్నదున్నట్టు పట్టుకునే గుర్తులట అవి. తలకిందులైన అక్షరాలు, తోకలున్న అక్షరాలు, నెత్తిన చిన్న చిన్న కొమ్ములున్నవి. పేజీ నిండా అవే. కింద మాత్రం ఆ ముక్క.

ఆ ముక్క మీదే ఆయన బతుకు ఆధారపడింది. బుధవారం పెద్ద డాక్టరు వచ్చి తేలుస్తాడన్నారు. కోలుకునే జాడ ఉందంటే మాట నేర్పే కేంద్రంలో మంచం ఇస్తారు, నెలల తరబడి రోజూ నేర్పిస్తారు. జాడ లేదంటే పక్క జిల్లాలో ఒక సంరక్షణ గృహానికి పంపిస్తారు. అక్కడ వేళకి తినిపిస్తారు, పక్క మారుస్తారు, అంతే. కొల్మీన్‌ని మాట లేకుండా కూర్చోబెట్టడం కంటే పాతిపెట్టడం నయం.

"ఇవి శబ్దాలు కావమ్మా," అన్నాను డర్వ్లాతో. "ఆయన మాట్లాడేది ఐరిష్."

"నేనూ బళ్ళో చిన్నప్పట్నుంచీ ఐరిష్ చదివానండీ. మంచి మార్కులే వచ్చాయి. ఈయన అనేది అలా లేదు."

"నీ పరీక్షల్లో వచ్చిన ఐరిష్ కాదిది. జనం నోట్లో వచ్చే ఐరిష్."

"మీ బాధ నాకర్థమవుతోందండీ..."

"అదొక్కటి అర్థమైనట్టుంది నీకు! ఆయన మాట మటుకు అర్థం కాలేదు."

వార్డులో తలలన్నీ మా వైపు తిరిగాయి. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. కానీ వెనక్కి తగ్గలేదు.

"మరి మీరు? నేనున్నప్పుడు మీరు కూడా ఆయనతో ఇంగ్లీషే కదండీ మాట్లాడారు? ఆయన భాష అది కాదని నాకెలా తెలుస్తుంది?"

చెంప మీద కొట్టినట్టయింది. నిజమే మరి. మా వైపు అందరం అంతే. గదిలో మా భాష రాని మనిషి ఒక్కరున్నా చాలు, పదిమందిమీ ఇంగ్లీషులోకి దిగిపోతాం. అది మర్యాద అని మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ ఆవిడకి చెప్పింది. నర్సు రాగానే, డాక్టరు రాగానే, పక్క మంచం వాళ్ళ చుట్టాలు రాగానే నేను మొగుడితో పరాయి భాషలో మాట్లాడుతూ కూర్చున్నాను. ఆయన నా ముఖంలోకి చూసి చూసి గోడ వైపు తిరిగేవాడు. నీరసం అనుకున్నాను. ఆ మర్యాద మీదా, దాన్ని నేర్పిన వాళ్ళందరి మీదా, నా మీదా వచ్చిన కోపానికి అంతు లేదు. ఆ క్షణం నుంచి ఎవరున్నా సరే ఐరిష్‌లోనే మాట్లాడాను, అదీ గట్టిగా. పక్క మంచం ఆయన విసుక్కుంటే విసుక్కోనిమ్మన్నాను.

కానీ పెళ్ళాం మాట సాక్ష్యం కింద పనికిరాదు కదా. అందుకని ఫియాక్రాకి ఫోన్ చేశాను.

ఫియాక్రా విశ్వవిద్యాలయంలో పంతులు. కుర్రతనంలో ప్రతి వేసవీ మా ఇంటి మేడ మీది గదిలో ఉండేవాడు. మా ఊరి ఉచ్చారణ మీద లావుపాటి పుస్తకం రాశాడు. అందులో ఉన్న నోరంతా మా ఆయనదే. ఒకే మాట పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా అనిపించి, ఆ తలకిందుల అక్షరాల్లోనే రాసుకునేవాడు. "ఇంతకీ నా నాలుక నా నోట్లో ఉందా, నీ సంచిలో ఉందా?" అని కొల్మీన్ ఆటపట్టించేవాడు. ఫియాక్రా నన్ను వదినా అని పిలిచేవాడు, మా బంగాళాదుంపలు, ఉప్పుచేప తిన్నాడు. ఇలాంటి మనిషి చెబితే ఆసుపత్రి వాళ్ళు వింటారని నా ఆశ.

సోమవారం వచ్చాడు. వచ్చినందుకు ఆ పూట దణ్ణం పెట్టుకున్నాను. డర్వ్లాని పరిచయం చేసి, ముగ్గురికీ టీ తెద్దామని కిందికి వెళ్ళాను. కాంటీన్‌లో వరస చాంతాడంత ఉంది. తిరిగొచ్చేసరికి ఇద్దరూ కొల్మీన్ మంచానికి చెరో పక్కనా వంగి ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ కాగితాలు. ఇద్దరి ముఖాల్లోనూ వెలుగు.

"చూశారా, ఆఖర్న ఆ మొద్దు శబ్దం?" అంటున్నాడు ఫియాక్రా. "ఈ ఈడు వాళ్ళ నోట్లోనే మిగిలింది. ఇంత దెబ్బ తగిలినా చెక్కు చెదరలేదు!"

"నేనూ ఆ గుర్తే వేశానండీ," అంది డర్వ్లా. "మీదీ నాదీ ఒకటే!"

"వదినా, ఇలా రా, విను. అన్నా, మళ్ళీ ఒక్కసారి అనవూ?"

కొల్మీన్ అన్నాడు. కళ్ళలో నీళ్ళు నిండి ఉన్నాయి. మంచం పట్టీని ఎడమ చేత్తో బిగించి పట్టుకున్నాడు.

"ఉచ్చ..." అన్నాడు. "ఉచ్చ..."

దుప్పటి అప్పటికే తడిసిపోయింది.

చేతిలో ట్రే ఎక్కడ పెట్టానో, అసలు పెట్టానో విసిరానో తెలియదు. టీ నేలంతా పారింది.

"సిగ్గు లేదురా నీకు?" అని అరిచాను. "ఆ పిల్లకి భాష రాదు, సరే. నీకేమొచ్చిందిరా? మా ఇంట్లో తిన్నావు, ఆయన నోట్లోంచి పుస్తకం తీశావు, ఆయనకి ఉచ్చొస్తోందంటే శబ్దం బాగుందని రాసుకుంటావా?"

"వదినా, నేను... మాట తెలుసు, కానీ... ఆ శబ్దం మీదే చెవి పెట్టి..."

"నీ చెవి మండిపోనూ! మనిషి అడుగుతుంటే వినపళ్ళేదా?"

అతని ముఖం సున్నం కొట్టినట్టయింది. నాకు ఏమాత్రం జాలి కలగలేదు. ఒకరికి ఆయన మాట చప్పుడు, ఇంకొకరికి అది పెట్టెలో దాచుకునే వెండి. మధ్యలో మనిషి తడి దుప్పట్లో పడి ఉన్నాడు. నా జీవితంలో ఏ మనిషినీ అంతలా అసహ్యించుకోలేదు.

"నేనేం చెయ్యను వదినా?" అన్నాడు చివరికి.

"పోయి పొడి దుప్పటి అడిగి తీసుకురా. పుస్తకాలు రాసినవాడివి కదా, ఆ మాటన్నా అడగటం వచ్చుంటుంది."

వెళ్ళాడు. నేను తెర లాగి కొల్మీన్ బట్టలు విప్పుతుంటే ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నలభయ్యో ఏట తుపానులో పడవ తిరగబడినా ఏడవనివాడు ఏడుస్తున్నాడు. తెర కదిలింది. డర్వ్లా. పొమ్మందామనుకున్నాను. ఆమె రెండో పక్కకొచ్చి ఆయన్ని ఒత్తిగిలించి పట్టుకుంది. ఇద్దరం కలిసి ఒళ్ళు తుడిచాం. ఫియాక్రా తెర కింద నుంచి దుప్పటి అందించాడు.

అంతా అయ్యాక ఆ పిల్ల నాతో అంది, "బాబీన్ గారూ, మీ భాష నాకు రాదు. బుధవారం లోపల రాదు కూడా. కానీ ఏ శబ్దమైనా విన్నది విన్నట్టు రాయగలను, రాసింది రాసినట్టు అనగలను. ఆ చదువే చదివాను. నేను అడగాల్సిన ప్రశ్నలన్నీ మీ ఇంట్లో ఎలా అడుగుతారో అలా అనండి."

"ఒంటె గురించి అడగవు కదా?"

"అడగను."

మంగళవారమంతా కూర్చున్నాం. నేను అనడం, ఆమె రాయడం, చదవడం. మొదట్లో ఆమె నోట్లో మా మాటలు బడిపిల్లల పద్యంలా ఉన్నాయి. "అలా కాదు, నాలుక ఇంకా వెనక్కి," అని నేను, "ఆగండి, ఆ గుర్తు మార్చాలి," అని ఆమె. ఒకటి రెండుసార్లు గట్టిగా కసిరాను. పడింది. ఫియాక్రా మూల స్టూలు మీద కూర్చుని, అడిగినప్పుడు మాత్రమే నోరు విప్పాడు. ఆ మాత్రం బుద్ధి వచ్చింది.

బుధవారం పెద్ద డాక్టరు వచ్చాడు. పొడుగాటి మనిషి, వెనకాల నలుగురైదుగురు. ఎవరో ముందే చెప్పినట్టున్నారు, నన్ను చూడగానే నవ్వి, కొల్మీన్‌కి బడి ఐరిష్‌లో నమస్కారం చేశాడు. కొల్మీన్ కదల్లేదు. "చూశారుగా," అన్నట్టు డాక్టరు పక్కవాళ్ళ వంక చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ నోరు మూసుకున్నాను.

డర్వ్లా కాగితం తీసుకుని మంచం పక్కన కూర్చుంది. చదివింది.

గొంతు ఆమెదే. మాట మా రేవుదే. "కొల్మీన్, నిద్దర పట్టిందా నీకు?"

గోడ వైపున్న తల మెల్లగా ఇటు తిరిగింది. ఆయన ఆ పిల్లని ఎగాదిగా చూశాడు. పెదవులు కూడదీసుకున్నాడు.

"నువ్వు... ఎవరమ్మాయివి?"

మా దగ్గర కొత్త ముఖం కనిపిస్తే, అది మనూరి మాట మాట్లాడితే, మొట్టమొదట అడిగేది అదే. పేరు తర్వాత. డర్వ్లాకి అర్థం కాలేదు. నా వంక చూసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "చదువు, చదువు," అని చేత్తో సైగ చేశాను.

ఆమె అట్ట ఎత్తింది. తెరచాప పడవ. "ఇదేంటి?"

"పడవ." బొమ్మలోకి ముఖం పెట్టి చూశాడు. "తాడు... లేదు. మునుగుద్ది."

ఫియాక్రా నేల వంక చూస్తూ ఆ మాటల్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఎవరో నవ్వారు. పెద్ద డాక్టరు నవ్వలేదు. ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఆయనకేం కావాలో అడగండి," అన్నాడు.

డర్వ్లా కాగితం కింది వరస దాకా వేలు పోనిచ్చింది. "నీకేం కావాలి, కొల్మీన్?"

ఇల్లు అంటాడనుకున్నాను. అంటే ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆయన నా వంక చూశాడు. ఎన్నో రోజుల తర్వాత నేరుగా నా కళ్ళలోకి చూశాడు.

"ఇల్లు... వద్దు," అన్నాడు. ఇంకో మాట కోసం నోరంతా వెతుక్కున్నాడు. మెడ నరాలు పొంగాయి. నేను అందించబోయి, పళ్ళు బిగించి ఆగిపోయాను. "మాట. ముందు... మాట."

"ఏమన్నారు?" అన్నాడు పెద్ద డాక్టరు.

ఫియాక్రా నోరు తెరవబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఇది నేనే చెప్పాలి. ఇంగ్లీషులోనే చెప్పాను, వార్డు చివరి మంచం దాకా వినపడేట్టు. "ఇంటికి రాడట! మాట కావాలట! ముందు మాట కావాలట! ఇస్తారా, ఇవ్వరా?"

"ఇస్తాం," అన్నాడు పెద్ద డాక్టరు. సంతకానికి పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు. డర్వ్లాని అడిగాడు. ఆమె తల ఎత్తలేదు. కొల్మీన్ అన్న ఆ మాటని ఇంకా రాస్తూనే ఉంది.