బసోష్

హైమావతి ఫ్రెంచ్‌లో బెదరకుండా మాట్లాడితే ఉద్యోగం ఇస్తానంది లాయరు మదాం రివార్. మాంట్రియల్‌లోని ఆ ఆఫీసులో హైమావతి ఇంటర్న్‌షిప్ ఆ రోజుతో సరి. ఉద్యోగం దొరక్కపోతే కరీంనగర్‌కు టికెట్టు కొనుక్కోవాల్సిందే.

ఫ్రెంచ్ సంగతి అలా ఉంచితే, ఆమెకు ఇల్లే లేదు. బేస్‌మెంట్‌లో పదిమంది స్టూడెంట్లను కుక్కి అద్దె దండుకున్న మహానుభావుడి మీద ఎవరో ఫిర్యాదు చేశారు. మున్సిపాలిటీవాళ్ళు వచ్చి ఆ ఇంటికి తాళం వేశారు. ఆయన హాయిగానే ఉన్నాడు, పిల్లలే రోడ్డున పడ్డారు. ఆఫీసు తాళంచెవి ఒకటి తన దగ్గరే ఉంటుంది కనక, అప్పటి నుంచి హైమావతి ఆఫీసులోనే, ఫైళ్ళ గదిలో పడుకుంటోంది. ఆ సంగతి స్నేహితురాలు వర్షిణికి తప్ప ఎవరికీ తెలియదు.

"ఎన్ని దినాలుంటవే అట్ల? దొరికితే నీ పని ఖతం," అని వర్షిణి ఫోన్లో తిడుతూనే ఉంది. ఆమె గదిలోనూ కాలు చాపుకునే చోటు లేదు.

ఫ్రెంచ్ పరీక్షకని మదాం ఆఫీసు గోడమీది బొమ్మ చూపించింది. నల్లగౌన్ల కుర్రాళ్ళు డప్పులు కొడుతూ ఊరేగుతున్నారు. అడుగున 'బసోష్' అని ఉంది.

"పాతకాలపు లాయర్ గుమాస్తాల సంఘం పేరిది. ఆ మాట ఎలా పుట్టిందో ఊహించి చెప్పు."

హైమావతికి ప్రాణం లేచొచ్చింది. రోజూ ఆ మాట చూసి, మన 'బస' లాగే ఉందే అని మురిసిపోతూనే ఉంది.

"బస చేసే చోటు అయ్యుంటుంది," అంది గడగడా ఫ్రెంచ్‌లో. "పాపం, ఆ గుమాస్తాలకు ఇళ్ళుండవు. అందరూ వెళ్ళిపోయాక ఆఫీసులోనే, కాగితాల మధ్య పడుకుంటారు. తెల్లారకముందే లేచి దుప్పటి దాచేస్తారు."

మదాం నవ్వలేదు.

"కాదు. బాసిలికా నుంచి వచ్చింది. రాజభవనమని అర్థం. అందులో కోర్టులు పెట్టాక, అక్కడి గుమాస్తాలకు ఆ పేరొచ్చింది." ఫైళ్ళ గది వైపు చూసింది. "దుప్పటి ఎక్కడ దాస్తారు, హైమావతీ?"

మదాం లేచి ఫైళ్ళ గది తలుపు తీసింది. బీరువా వెనక నుంచి పూలదుప్పటి అంచు కనబడుతూనే ఉంది.

"నీ ఫ్రెంచ్ చాలా బాగుంది," అంది మదాం మెల్లగా. తాళంచెవి కోసం చెయ్యి చాచింది.

దుప్పటి చంకన పెట్టుకుని హైమావతి మంచులోకి వచ్చేసరికి వర్షిణి ఫోను.

"జాబ్ ఇచ్చిందానే?"

"ఇయ్యలే," అని ఏడ్చేసింది హైమావతి. "బస గూడ పాయె."