యాలక్కాయ పడని మనిషి

మినుములు సన్నసెగ మీద వేగుతున్నాయి. హైమావతి పొయ్యి ముందు పీట వేసుకుని గరిటె ఆపకుండా తిప్పుతోంది. పొట్టు మాడితే సున్నుండ చేదెక్కుతుంది, సరిగ్గా వేగకపోతే పచ్చివాసన వేస్తుంది. ఆమె మణికట్టు మీద నెయ్యి చిట్లిన పాత మచ్చలు, ముంజేతికి అంటుకున్న బెల్లప్పొడి, నుదుటి మీద కరిగి జారిన కుంకుమ.

నరసరావుపేటలో శోభనం గదిలోకి వెళ్ళే పళ్ళెం చాలావరకు ఆమె సర్దిందే. సున్నుండలు, అరిసెలు, పళ్ళు, కిళ్ళీలు, వాటి మధ్య కుంకుమపువ్వూ బాదంపప్పూ వేసి కాచిన పాలచెంబు. ఆ పాలు తాగితే ఏదో అయిపోతుందని ఊరంతా నమ్మకం. అయ్యేదంతా వయసు వల్లేనని హైమావతికి తెలుసు. ఆ మాట పైకి చెప్పి బేరం చెడగొట్టుకునే పిచ్చిది మాత్రం కాదు.

అయినా ఆమెకీ ఒక నమ్మకం ఉంది. లారీ డ్రైవరు హనుమంతరావు, ఆమె భర్త, సిమెంటు లోడు దింపి ఇల్లు చేరే రోజున మునక్కాయ కూర వండాల్సిందే. మొదట్లో అది పిల్లల మీద ఆశతో. పిల్లలు కలగలేదు. తర్వాత ఆ మనిషి మీద ఆశతో.

పక్కింటి మున్నీ గోడ మీంచి తొంగిచూసింది. "ఏంది వదినా, సంచీ నిండా మునక్కాయలు! అన్నయ్య వస్తన్నాడా?"

"రేపొస్తానన్నాడు. నీకన్నీ కావాలి, పోవే," అంది హైమావతి. ఈ వయసులో సిగ్గేమిటో తనకే నవ్వొచ్చింది.

అంతలో ఫోను మోగింది. ఫంక్షన్ హాలు మేనేజరు రవి కుమార్.

"అక్కా, గురజాల ఆర్డరు. పొద్దున గుళ్ళో పెళ్ళయింది, ఇద్దరికీ రెండోదే. పెళ్ళికూతురి పిన్ని పూల కోసం పేట వస్తంది, అట్టానే పళ్ళెం తీసుకెళ్తది. పాలల్లో యాలక్కాయ మటుకు వెయ్యొద్దంట. పెళ్ళికొడుక్కి తుమ్ములంట. బదులు శొంఠి, తాటిబెల్లం వెయ్యమన్నారు."

"మా ఆయన లాంటోడు ఇంకోడున్నాడన్నమాట!" అని నవ్వేసింది.

యాలక్కాయల డబ్బా ఆ ఇంట్లోకి రాదు. బయట కిటికీ గూట్లోనే ఉంటుంది. ఆ వాసన తగిలితే హనుమంతరావు ముందు తుమ్ముతాడు, తర్వాత తిడతాడు. యాలక్కాయ టీ అంటే పడిచచ్చే హైమావతి కాపురానికొచ్చిన కొత్తల్లోనే దాన్ని మానేసింది. ఆయన కోసమే పాలల్లో శొంఠి, తాటిబెల్లం వేయడం మొదలుపెట్టింది. అలా పాలు కాచడం ఇంకెవరింట్లోనూ చూడలేదు.

శొంఠి దంచుతుంటే ఆ సంగతి తట్టింది. చెయ్యి ఆగింది. ఛీ, ఏం పాడు బుద్ధి నాది అని తిట్టుకుని ఆయనకి ఫోను చేసింది. స్విచ్చాఫ్. బండి తోలేటప్పుడు మామూలేలే అనుకుంది. పాలు దించి, విరక్కుండా కాస్త ఆరాక బెల్లం కలిపింది.

సాయంత్రం పెళ్ళికూతురి పిన్ని నీరజ కారులో వచ్చింది. మాటల మనిషి. సున్నుండ ఒకటి నోట్లో వేసుకుని కూర్చుంది.

"మా పిల్ల మొగుడు పోయినకాడి నుంచీ కుట్టుమిషను మీదే బతికిందండీ. ఇప్పటికి దేవుడు కళ్ళు తెరిచాడు. లారీ డ్రైవరు, చానా నెమ్మదస్తుడు."

"పేరేంది?"

"హనుమంతరావండీ. మొదటి భార్య నిరుడు గుండెపోటుతో పోయిందంట, పాపం. ఆమె చేతి మునక్కాయ కూర తలుచుకుని మా ఇంట్లో ఎంత ఏడ్చాడో! అది చూసే మా పిల్ల కరిగిపోయింది. పెళ్ళాం మీద ఇంత ప్రేమున్నోడు నన్నూ బాగా చూసుకుంటాడంది."

హైమావతి మనసులోనే లెక్క వేసుకుంది. తను చచ్చిపోయి ఏడాదయింది. ఈ ఏడాదిలో ఎన్నిసార్లు వచ్చాడు! చచ్చినదాని చేతి కూర తిన్నాడు, చచ్చినదాని పక్కన పడుకున్నాడు. వదిలేసి పోయినా ఇంత మండేది కాదు. చంపేసి, ఆ చావు మీద ఏడ్చి, ఆ ఏడుపుతో ఇంకో ఆడదాని మనసు సంపాదించాడు. ఇన్నేళ్ళు తను వండిన కూర చివరికి పనిచేసింది, గురజాలలో.

లేచి కిటికీ గూట్లోంచి డబ్బా తెచ్చింది. గుప్పెడు యాలక్కాయలు దంచి పాలల్లో కలిపింది. ఇల్లంతా గుప్పుమంది.

"అయ్యో, అవి వద్దన్నాం కదండీ!"

"తుమ్ములొచ్చినాక, ఎవరేశారని అడుగుతాడు. నరసరావుపేట హైమావతి వేసిందని చెప్పండి. మీ పిల్ల వినేటట్టు చెప్పండి."

నీరజ ఆమె మెడలో నల్లపూసల వంక చూసింది, ముఖం వంక చూసింది. పాలచెంబు రెండు చేతులా అందుకుంది.

"చెంబు ఒలక్కుండా పట్టుకోండమ్మా," అంది హైమావతి.

కారు వెళ్ళాక యాలక్కాయ వేసి టీ పెట్టుకుంది. గుటక గుటకకీ ఏడుస్తూనే గ్లాసు ఖాళీ చేసింది. సంచీలో నాలుగు చీరలు కుక్కుకుని, తాళంచెవీ మునక్కాయలూ మున్నీ చేతిలో పెట్టింది.

"ఏడికి వదినా ఇప్పుడు?"

"శావల్యాపురం, మా అక్క దగ్గరికి."

"మరి రేపు అన్నయ్య వస్తే?"

"తాళంచెవి ఇయ్యి. కూర మాత్రం పెట్టమాక."

తాళం వేసిన ఇంట్లో, మంచం మీద హనుమంతరావు తలగడ పైన యాలక్కాయల డబ్బా మూత తీసి ఉంది.